భూతాపం బూటకమా? ముందు సిద్దిపేట కరెంటు లెక్క చూడండి

మన ఐటీ జనాల్లో ఓ పది పదిహేనేళ్ళుగా ఒక తెగ పెరుగుతూ వస్తోంది. వీళ్ళకి అనుమానం జన్మహక్కు. ప్రొడక్షన్లో ఒక్క లైను మార్చాలంటే ముగ్గురు రివ్యూ చెయ్యాల్సిందేనని పట్టుబట్టే వీళ్ళే, వాట్సాపులో వచ్చిన రెండు నిమిషాల వీడియో చూసి "గ్లోబల్ వార్మింగా? అదంతా తెల్లోడి వ్యాపారం బాసూ" అని తీర్పు ఇచ్చేస్తారు. ఎవరు చేశారా వీడియో, ఆ గ్రాఫు ఏ సంవత్సరంలో మొదలై ఏ సంవత్సరంలో ఆగిపోయింది, ఇవేవీ అడగరు.

దీనికి ఎదురుగా ఇంకో తెగ. వీళ్ళు ఏడాదికోసారి మార్చి నెలలో ఒక గంటసేపు లైట్లార్పి, ఆ చీకట్లో దిగిన ఫోటో ఫేసుబుక్కులో పెడతారు (రూములో ఏసీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, అది ఫోటోలో పడదుగా). వాన పడితే క్లైమేట్ చేంజ్, పడకపోతే క్లైమేట్ చేంజ్, హైదరాబాదులో నాలా పొంగితే క్లైమేట్ చేంజ్.

చూడ్డానికి ఉప్పూ నిప్పూలా ఉంటారు గానీ ఇద్దరిదీ ఒకటే జబ్బు. లెక్క చెయ్యరు.

అనుమానం మంచిదే. ఇంజనీరన్నవాడికి అది లేకపోతే జీతం దండగ. కానీ ఉన్న అనుమానమంతా థర్మామీటరు మీద పెట్టి, కరెంటు మీటరు దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు జోడించి భక్తులైపోతే ఎలా? నాది సిద్దిపేట జిల్లా. ఊళ్ళో మాకు బోరు మీద నడిచే కొద్దిపాటి భూమి ఉంది. ఈ రెండు మీటర్ల కథా మా జిల్లాలో కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదేమో! అందుకే ఈ గోల.

మొదట థర్మామీటరు సంగతి

నా చెవిన పడే వాదనలు ఎప్పుడూ ఓ నాలుగైదే. ఒక్కోదాన్నీ చూద్దాం.

1. "వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా!" అవును, ఉంది. మా ఊరి చెరువు కట్ట కూడా మా తాతల కాలంలో వానలకి తెగింది. కాబట్టి నిన్న రాత్రి గడ్డపార పట్టుకుని గండి కొట్టినవాడు నిర్దోషి అంటారా? పూర్వం ఎందుకు మారిందో చెప్పేదీ ఆ శాస్త్రమే, ఇప్పుడు ఎందుకు మారుతోందో చెప్పేదీ ఆ శాస్త్రమే. మొదటి ముక్క నమ్మి రెండో ముక్క నమ్మనంటే అది అనుమానం కాదు, ఏరుకోవడం.

2. "అంతా సూర్యుడి మహిమ." సూర్యుడే కారణమైతే వాతావరణం కిందా పైనా కూడా వేడెక్కాలి. కానీ మనముండే కింది పొర వేడెక్కుతుంటే, పైనున్న స్ట్రాటోస్ఫియరు చల్లబడుతోంది. కింద దుప్పటి కప్పినప్పుడు జరిగేది ఇదే. పైగా 1980ల నుంచీ సూర్యుడి నుంచి వచ్చే శక్తి పెరగలేదు, కాస్త తగ్గిందంటారు కూడా. బొగ్గుపులుసు వాయువు వేడిని పట్టి ఉంచుతుందని టిండాల్ ప్రయోగం చేసి చూపించింది 1859లో. అది పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందని అర్హీనియస్ కాగితం మీద లెక్క కట్టింది 1896లో. అప్పటికి సోలార్ కంపెనీలూ లేవు, కార్బన్ క్రెడిట్లూ లేవు. మరి వాళ్ళెవరి వ్యాపారం కోసం చేసినట్టు?

3. "డేటా దిద్దేశారు." ఇది మనవాళ్ళకి బాగా ఇష్టమైన వాదన. 2009 నవంబరులో ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ నుంచి మెయిళ్ళు బయటపడ్డాయి గుర్తుందా? వాటితోపాటు 'హ్యారీ రీడ్ మీ' అని ఒక ఫైలు కూడా వచ్చింది. పాత ఫోర్ట్రాన్ కోడునీ, పొంతన లేని డేటా ఫైళ్ళనీ సరిచెయ్యలేక ఒక ప్రోగ్రామరు రాసుకున్న ఏడుపుగొట్టు నోట్సు అది. వేరేవాళ్ళెవరో వదిలేసి పోయిన మాడ్యూలు నెత్తిన పడ్డ ప్రతివాడికీ అది చదివితే కళ్ళు చెమరుస్తాయి :) కానీ కోడు చెత్తగా ఉందంటే జవాబు తప్పని కాదు. జవాబు తప్పో కాదో తేలాలంటే వేరేవాళ్ళు వేరే కోడుతో చేసి చూడాలి.

ఆ పనీ జరిగింది. రిచర్డ్ ముల్లర్ అనే భౌతికశాస్త్రవేత్తకి ఇవే అనుమానాలుండేవి. బర్క్లీ ఎర్త్ అని పెట్టి, మొత్తం స్టేషన్ల డేటా మొదట్నుంచీ లెక్క వేశాడు. డబ్బు కొంత ఇచ్చింది బొగ్గు, చమురు వ్యాపారంలో ఉన్న కోక్ కుటుంబపు ఫౌండేషను. 2012కల్లా తేలిందేమిటయ్యా అంటే, వేడెక్కడం నిజం, కారణం మనుషులు. ఇంకా చెప్పాలంటే, జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ అని ఇద్దరు పేరుమోసిన అనుమానవాదులు అలబామాలో నడిపే ఉపగ్రహ లెక్క ఒకటుంది. 1979 నుంచి చూస్తే దాంట్లోనూ పదేళ్ళకి సుమారు 0.15 డిగ్రీల చొప్పున పెరుగుదలే. అనుమానించేవాళ్ళ సొంత మీటరు కూడా పైకే తిరుగుతోంది మరి!

అన్నట్టు, సముద్రపు కొలతలతో సహా అన్ని సవరణలూ కలిపి చూస్తే, నూరేళ్ళ పైచిలుకు వేడి పెరుగుదల తగ్గింది గానీ పెరగలేదు. దిద్దినవాళ్ళు మోసగాళ్ళే అయితే బొత్తిగా చేతకాని మోసగాళ్ళన్నమాట.

4. "మోడళ్ళన్నీ తప్పు." 1970 నుంచి 2007 దాకా వచ్చిన 17 మోడళ్ళ జోస్యాలని తరువాత నిజంగా జరిగినదానితో పోల్చి 2020లో ఒక పరిశోధన అచ్చయింది. 10 నేరుగా సరిపోయాయి. వాయువులు నిజంగా ఎంత పెరిగాయో ఆ అంకె ఇచ్చి చూస్తే 14 సరిపోయాయి. మనం ఇచ్చే ప్రాజెక్టు ఎస్టిమేట్లలో పదిహేడింటికి పద్నాలుగు ఎప్పుడైనా సరిపోయాయా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి.

5. "గ్రాంట్ల కోసం చెప్తారు." ఎక్సాన్ చమురు కంపెనీ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివర్లో, 80ల మొదట్లో కంపెనీ కోసం వేసిన లెక్కలు ఎంత దగ్గరగా వచ్చాయో 2023లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చమురు అమ్ముకునేవాడి సొంత ఇంజనీర్లే చెప్పిన లెక్కకి గ్రాంటు ఆశ అంటగడదామా?

2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత, పారిశ్రామిక విప్లవానికి ముందు కంటే 1.5 డిగ్రీలు దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఒక సంవత్సరం దాటితే కొంప మునిగినట్టు కాదు, సగటు దాటాలి. కానీ అంకె ఏ దిక్కుకి పోతోందో తెలియడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. థర్మామీటరు చర్చ ఇక్కడితో చాలు.

అనుమానించినవాళ్ళది రైటైన చోట

ఇప్పుడు రెండో తెగ వాళ్ళు చప్పట్లు కొడుతున్నారేమో, ఆగండి.

2007లో ఐపీసీసీ రిపోర్టులో, హిమాలయాల్లో మంచునదులు 2035కల్లా మాయమైపోవచ్చని రాశారు. దానికి ఆధారం పరిశోధన కాదు, ఒక పర్యావరణ సంస్థ వేసిన రిపోర్టు. దానికి ఆధారం ఒక పత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ. 2009 నవంబరులో మన భూగర్భ శాస్త్రవేత్త వి.కె.రైనా అలా జరిగే ఆధారాల్లేవని రాస్తే, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని విడుదల చేస్తే, ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని క్షుద్రవిద్యతో పోల్చి కొట్టిపారేశాడు. మూడు నెలలు తిరక్కుండా, 2010 జనవరిలో ఐపీసీసీయే తప్పు ఒప్పుకుంది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా అడిగినవాణ్ణి వెక్కిరిస్తే ఏమవుతుందో, అదే అయింది. ఆ ఒక్క అంకె ఇచ్చినంత మేత వాట్సాపు పండితులకి ఇంకేదీ ఇవ్వలేదు.

రెండోది, నీతులు చెప్పేవాళ్ళ సంగతి. సగటు అమెరికావాడు ఏడాదికి దాదాపు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వదుల్తాడు. సగటు భారతీయుడు సుమారు 2 టన్నులు. ఇప్పటిదాకా గాల్లో పోగుపడ్డదాంట్లో దాదాపు నాలుగోవంతు అమెరికాదే. 2021లో గ్లాస్గోలో మన దేశం బొగ్గు "నిలిపివేత" అన్న మాటని "తగ్గింపు"గా మార్పించిందని పడమటి పత్రికలన్నీ దుమ్మెత్తి పోశాయి. 2025 జనవరిలో పారిస్ ఒప్పందం నుంచి రెండోసారి బయటకొస్తూ సంతకం పెట్టిందెవరు? టెక్సాసులో మూడు కార్ల గరాజు ముందు నిలబడి, ఇండియాలో బొగ్గు వాడకం గురించి దిగులు పడే మన తెలుగు అన్నయ్యలు ఈ అంకెలు ఒక్కసారి గోడకి రాసిపెట్టుకోవాలి.

మూడోది మాత్రం మనకి దగ్గరిది. క్లైమేట్ చేంజ్ అనేది అధికారులకి దొరికిన బ్రహ్మాండమైన సాకు. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు నాలాలు ఎవరు పూడ్చారు, చెరువు శిఖం భూముల్లో కాలనీలకి పర్మిషన్లు ఎవరిచ్చారు అని అడగాల్సిన చోట, "అసాధారణ వర్షపాతం" అని ఒక్క మాట అనేస్తే సరిపోయింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయారు. అప్పటి పాలకులు విశ్వేశ్వరయ్యని పిలిపించి పథకం వేయించుకున్నారు, దాంట్లోంచి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇవాళైతే ప్రెస్ మీటు పెట్టి వాతావరణ మార్పు మీద తోసేసేవాళ్ళం.

వానలు విపరీతంగా పడుతున్న మాట అబద్ధం కాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు పడింది. తెలంగాణలో అదే రికార్డు. 2015 మే నెల వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. పోయింది ఎవరు? ఏసీ ఆఫీసుల్లో ఉన్న మనం కాదు. ఎండన పడి పనిచేసే కూలీలు, ముసలివాళ్ళు. అలాంటప్పుడు వాన పెరుగుతుందని తెలిసీ నాలా కట్టనివాడి నేరం రెట్టింపవుతుంది గానీ, మాఫీ ఎలా అవుతుంది?

కొండపోచమ్మ దాకా ఎక్కిన నీళ్ళు

ఇక అసలు సంగతికొద్దాం. పైన చెప్పిన అనుమానవీరులు ఒక్కరైనా ఈ లెక్క అడగ్గా నేను చూళ్ళేదు.

కాళేశ్వరం ప్రాజెక్టు 2019 జూన్ 21న మొదలైంది. మా జిల్లాలోనే రంగనాయకసాగర్ (3 టీఎంసీలు, 2020 ఏప్రిల్), కొండపోచమ్మసాగర్ (15 టీఎంసీలు, 2020 మే), మల్లన్నసాగర్ (50 టీఎంసీలు, 2022 ఫిబ్రవరి) వచ్చాయి. మేడిగడ్డ దగ్గర గోదావరి నీటిమట్టం సముద్రం పైన 100 మీటర్లు. కొండపోచమ్మ దగ్గర 618. అంటే ఐదొందల మీటర్ల పైచిలుకు ఎత్తాలి.

ఇంటర్లో చదివిన ఎం.జి.హెచ్. గుర్తుందా? కొంచెం దుమ్ము దులపండి.

ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 2.83 కోట్ల టన్నుల బరువు. దాన్ని 500 మీటర్లు ఎత్తడానికి, పంపులు నూటికి నూరు శాతం సమర్థంగా పనిచేస్తే, సుమారు 3.85 కోట్ల యూనిట్ల కరెంటు కావాలి. ఇది ఏ పార్టీ లెక్కా కాదు, న్యూటన్ది. పంపూ, మోటారూ, పైపూ కలిపి 80 శాతం సమర్థత ఇద్దాం (దయతలచే ఇస్తున్నా). 4.8 కోట్ల యూనిట్లు.

వరికి ఒక పంటకి 1.2 మీటర్ల లోతు నీళ్ళు పోతాయనుకుంటే ఎకరానికి 4,850 ఘనపు మీటర్లు. టీఎంసీకి సుమారు 5,800 ఎకరాలు. కాలవలో ఒక్క చుక్క ఇంకలేదు, ఒక్క చుక్క ఆవిరవలేదు అనుకుంటేనే సుమా. భాగిస్తే ఎకరానికి 8,200 యూనిట్ల పైమాట. యూనిట్ 6 రూపాయలు వేసుకుంటే దాదాపు 50 వేల రూపాయలు, ఒక ఎకరానికి, ఒక పంటకి, ఒట్టి కరెంటు ఖర్చు! ఎకరానికి 25 క్వింటాళ్ళు పండి, 2024-25 మద్దతు ధర 2,300 చొప్పున అమ్మినా వచ్చేది 57,500. విత్తనం, ఎరువు, కూలి, ట్రాక్టరు, హార్వెస్టరు ఇంకా లెక్కలోకే రాలేదు.

ఇప్పుడు పొగ లెక్క. మన గ్రిడ్డులో ఒక యూనిట్‌కి సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఎకరానికి 5.8 టన్నులు. దాదాపు ముగ్గురు భారతీయుల ఏడాది వాటా, ఒక్క ఎకరం యాసంగి వరికి.

పోల్చడానికి, అదే వరికి 300 అడుగుల లోతు బోరులోంచి, 40 శాతం సమర్థతతో మొత్తుకుంటూ నడిచే మోటారుతో నీళ్ళు తోడితే ఎకరానికి 3 వేల యూనిట్ల చిల్లర. చెరువు కింద పారించుకుంటే సున్నా. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువులు పూడిక తీసిన ప్రభుత్వమూ, ఈ ఎత్తిపోతలు కట్టిన ప్రభుత్వమూ ఒకటే. మొదటిదానికి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. రెండోదానికి లెక్క అడుగుతాను.

అన్ని నీళ్ళూ కొండపోచమ్మ దాకా పోవు కదా అంటారా? నిజమే. రంగనాయకసాగర్ 490 మీటర్ల దగ్గర, మల్లన్నసాగర్ 557 దగ్గర ఉన్నాయి. ఆ మేరకి తగ్గించుకోండి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక ఎల్లంపల్లి నుంచి ఎత్తుతున్నారు కదా అంటారా? అక్కడ మట్టం 148 మీటర్లు. తగ్గింది 48 మీటర్లే. మొక్కజొన్నకో కూరగాయలకో వాడితే ఎకరానికి నీళ్ళు బాగా తగ్గుతాయి కదా అంటారా? తగ్గుతాయి, అదే వెయ్యమంటున్నాను. తాగునీళ్ళకైతే మనిషికి కావలసింది తక్కువ కాబట్టి ఈ ఖర్చు భరించొచ్చు, దానికి నాకేం పేచీ లేదు. నీళ్ళొచ్చాక మా వైపు బోర్లలో నీళ్ళు పైకొచ్చిన మాటా నిజమే. ఆ రెండుమూడేళ్ళూ వానలు కూడా దంచికొట్టాయి కాబట్టి ఏది ఎంతో విడదియ్యాలి. విడదీసే కొలతలు పెట్టుకోకుండానే పాలాభిషేకాలు జరిగిపోయాయి.

2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ రిపోర్టు ఈ ప్రాజెక్టు లాభనష్టాల నిష్పత్తి 0.52 అని తేల్చింది. రూపాయి పెడితే 52 పైసలు. కరెంటు బిల్లే ఏడాదికి 10 వేల కోట్లు దాటుతుందని లెక్కగట్టింది. ఈ 52 పైసల కోసం మల్లన్నసాగర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ లాంటి ఊళ్ళు నీళ్ళల్లో కలిశాయి. వేములఘాట్ జనం 2016లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి రిలే దీక్షలు చేశారు. అప్పుడు ఎక్కడున్నారు మన అనుమానవీరులు? ఆర్కిటిక్ మంచు కరుగుతోందా లేదా అని లైకులు కొట్టుకుంటున్నారు.

మీటరు లేని మోటారు

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. అప్పటికి కనెక్షన్లు 23 లక్షలు. దీనికి ముందు రాత్రి కరెంటు బతుకేమిటో నేను చూశాను. అర్ధరాత్రి మోటారు వెయ్యడానికి టార్చిలైటు పట్టుకుని పోయి పాముకో, కరెంటు షాకుకో బలైనవాళ్ళు మా వైపు ఊరూరా ఉన్నారు. ఆ బాధ తప్పించిన పథకాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు గచ్చిబౌలిలో కూచున్న ఎవ్వరికీ లేదు.

కానీ ఆ 23 లక్షల మోటార్లలో ఎన్నింటికి మీటర్లున్నాయి? దాదాపు లేవు. మరి వ్యవసాయానికి ఇన్ని వేల కోట్ల యూనిట్లు పోయాయని ఏటా ఎలా చెప్తున్నారు? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకి శాంపిల్ మీటర్లు పెట్టి, దాన్నుంచి మొత్తం అంచనా కడతారు. అంచనా కట్టడం తప్పు కాదు. కానీ కొలవనిది ఒకే ఒక్క ఖాతా అయినప్పుడు, లెక్క తేలనిదంతా ఆ ఖాతాలోకే పోతుంది. లైన్లో పోయిందీ, పట్నంలో దొంగతనంగా కొక్కెం వేసి లాక్కున్నదీ, ఫ్యాక్టరీలో మీటరు తిప్పేసిందీ, అంతా "రైతు వాడేశాడు". మన భాషలో చెప్పాలంటే, ఏ ఎర్రరొచ్చినా మింగేసి లాగు రాయని ఖాళీ క్యాచ్ బ్లాకు. అలాంటి కోడు మన జూనియరు రాస్తే ఊరుకుంటామా?

పోనీ రైతుకైనా తెలుసా? మా చిన్నాయినని అడిగాను, మడి నిండినంక కూడా మోటరు ఎందుకు నడుస్తోందని. "బందువెట్టుడెందుకురా, బిల్లస్తదా ఏమన్ననా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆపమని చెప్పే సంకేతం ఏదీ ఆయన దాకా రావడం లేదు. కరెంటు రాగానే దానంతటదే మోటారు ఎత్తుకునే ఆటో స్టార్టర్లు తీసేయండి బాబూ అని 24 గంటల కరెంటు మొదలెట్టే ముందు ప్రభుత్వమే బతిమాలుకోవాల్సి వచ్చింది. బోరు ఎండిపోతే మళ్ళీ క్లైమేట్ చేంజ్ అంటాం. అప్పుచేసి ఇంకో రెండొందల అడుగులు లోతుకి వేస్తాం.

2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం పెట్టిన శ్వేతపత్రం ప్రకారం డిస్కంల పోగుపడ్డ నష్టాలు 62 వేల కోట్ల పైన. ఆ పత్రంలో రాజకీయం ఎంతో మీరే తీసేసుకోండి, మిగిలేది కూడా తక్కువేం కాదు.

మీటరు పేరెత్తితే మాత్రం అన్ని పార్టీలదీ ఒకటే పాట. 2020లో జగన్ ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలో మోటార్లకి మీటర్లు పెట్టి, డబ్బు రైతు ఖాతాలో వేసే పద్ధతి మొదలెడితే తెలుగుదేశం గోల చేసింది. కేంద్రం మీటర్లు పెడితే అప్పు పరిమితి పెంచుతామంటే కేసీఆర్ ససేమిరా అన్నాడు. ఎన్నికల్లో ఊరూరా "వాళ్ళొస్తే మీటర్లు పెడతారు" అని భయపెట్టడానికి పనికొచ్చినంతగా ఆ డబ్బా ఇంకెందుకూ పనికిరాలేదు.

బొగ్గు భక్తీ, సోలారు భక్తీ

అన్నింటికన్నా ఎక్కువ అనుమానించాల్సింది కొత్త ప్లాంట్లు కట్టేటప్పుడు. 2015లో భద్రాద్రి ప్లాంటుకి (4 యూనిట్లు, 1,080 మెగావాట్లు) అప్పటికే పాతబడ్డ సబ్‌క్రిటికల్ టెక్నాలజీ ఎంచుకున్నారు. యూనిట్‌కి బొగ్గు ఎక్కువ తాగే రకం. ఎందుకయ్యా అంటే త్వరగా అయిపోతుందని. చివరి యూనిట్ నడిచింది 2022 జనవరిలో! యాదాద్రి ప్లాంటు (4,000 మెగావాట్లు) బొగ్గుగనులకి దూరంగా నల్లగొండ జిల్లా దామరచర్లలో కట్టారు. బొగ్గు రైలెక్కి రావాలి, ఆ కిరాయి ప్రతి యూనిట్ మీదా పడాలి. క్లైమేట్ చేంజ్ వంద శాతం అబద్ధమే అనుకుందాం. అప్పుడు కూడా ఇవి పిచ్చి నిర్ణయాలే.

పచ్చరంగు పూస్తే అంతా పవిత్రమైపోదు. 2010 ప్రాంతంలో యూనిట్ 12 రూపాయల పైనున్న సోలారు, 2017లో రాజస్థాన్ భడ్లా టెండర్లో 2.44కి వచ్చింది. ధర ఇంత వేగంగా పడిపోతున్న సరుకుని 25 ఏళ్ళకి ఒకే రేటుకి కొంటానని సంతకం పెట్టేవాణ్ణి ఏమనాలి? ఆంధ్రాలో గాలిమరల కరెంటుకి 4.84 చొప్పున ఒప్పందాలు చేసుకున్నారు. 2019లో వచ్చిన ప్రభుత్వం అవి చెల్లవు, సగానికి తగ్గించమంది. 2022లో హైకోర్టు ఒప్పందం ఒప్పందమేనంది. ఎక్కువ రేటుకి రాసిచ్చినవాళ్ళూ, తరువాత మాట తప్పినవాళ్ళూ, ఇద్దరూ కలిసి మోసింది వినియోగదారుడి జేబే.

మరి నువ్వేం చెయ్యమంటావ్?

"రైతు వ్యతిరేకివి", "అమెరికా ఏజెంటువి", "ఫలానా పార్టీ వాడివి" అని ఎలాగూ అంటారు కాబట్టి, నేననేదేమిటో కూడా వినండి.

సబ్సిడీలో ఒక్క పైసా తగ్గించొద్దు. మీటరు పెట్టండి, ఎకరానికి ఇన్ని యూనిట్లని కట్టి, ఆ డబ్బు రైతు ఖాతాలో ముందే వెయ్యండి. తక్కువ వాడితే మిగిలింది రైతుదే. ఇదేం గాల్లోంచి ఊడిపడ్డ ఆలోచన కాదు. పంజాబులో 2018లో మిగిల్చిన ప్రతి యూనిట్‌కీ 4 రూపాయలిచ్చే పథకం మొదలెట్టారు. పశ్చిమబెంగాల్లో 2007 నుంచే బోర్లకి మీటర్లున్నాయి, అక్కడ ఆకాశమేం విరిగిపడలేదు. డబ్బు ముందు, బిల్లు తరువాత అని చట్టంలో రాసివ్వాలి. ప్రభుత్వం డబ్బు వెయ్యకపోతే కనెక్షను కొయ్యకూడదు. ఎందుకంటే రైతు భయం మీటరంటే కాదు, ప్రభుత్వం మాటంటే. ఆ భయం నూటికి నూరుపాళ్ళు న్యాయమైందే.

రెండోది, మోటార్లకి పగటి కరెంటు చాలు. సూర్యుడున్నప్పుడే నీళ్ళు పారిద్దాం. గుజరాతు 2003లోనే జ్యోతిగ్రామ్ పేరుతో ఊరి కరెంటునీ, పొలం కరెంటునీ విడదీసింది. మహారాష్ట్ర 2017 నుంచి సబ్‌స్టేషన్ పక్కనే సోలారు పెట్టి పొలాల ఫీడర్లకి పగలు ఇస్తోంది. మా జిల్లాలో ఎండకేం కొదవ చెప్పండి? సాయంత్రం ఏడింటికి సోలారు పనిచెయ్యదని ఎగతాళి చేసేవాళ్ళకి జవాబు కూడా ఇదే. సాయంత్రం ఏడింటికి మోటారు తిరగాల్సిన అవసరం లేదు. మడి నీళ్ళు నిలవ పెట్టుకుంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు.

మూడోది, ఎత్తిపోసిన ప్రతి టీఎంసీకీ ఎన్ని యూనిట్లు తిరిగాయో, ఎన్ని ఎకరాలు తడిశాయో నెలనెలా జనం ముందు పెట్టాలి. ఆ పంపుహౌసుల్లో మీటర్లున్నాయి కదా, దాచడమెందుకు?

ఈ మూడింట్లో ఒక్కటైనా చెయ్యడానికి భూతాపాన్ని నమ్మక్కర్లేదు. నమ్మినవాడికి పొగ తగ్గుతుంది, నమ్మనివాడికి అప్పు తగ్గుతుంది, ఇద్దరికీ బోర్లో నీళ్ళు మిగుల్తాయి. ఇంత సుళువైన బేరం మీద ఎవరూ మాట్లాడకపోవడానికి కారణం ఒకటే. ఆర్కిటిక్ మీద అనుమానం పడితే ఊళ్ళో ఎవ్వరూ మొహం చిట్లించరు. కరెంటు మీటరు మీద అనుమానం పడితే దసరాకి ఇంటికెళ్ళినప్పుడు చిన్నాయినకీ, సర్పంచికీ, ఎమ్మెల్యే మనుషులకీ జవాబు చెప్పాలి. ధైర్యం లేనిచోట అనుమానం దూరదేశాలకి వలస పోతుంది.

పైన వేసిన లెక్కలో ఏ మెట్టు దగ్గర తప్పుందో చూపించండి, 80 శాతం బదులు ఎంత వెయ్యాలో, 1.2 మీటర్ల బదులు ఎంత వెయ్యాలో అంకెతో చెప్పండి, మార్చి మళ్ళీ వేద్దాం. తిట్లు మాత్రం యూనిట్లలోకి మారవు.